గీత తప్పని విమానం

"ఎర్సెకే, ఇదిగో, ఈ పన్నూడిన సందేమిటి?"

విమానం కింది రెక్క మీద లాప్‌టాప్ తెరిచిపెట్టి, కైరొల్లా తెరని వేలితో పొడిచాడు. తెర మీద పచ్చగీతలు దువ్విన జుట్టులా ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం గీత తెగి తెల్లమచ్చ మిగిలింది.

అందరూ గౌరవంగా ఎర్సెకే అని పిలిచే పైలట్ ఎర్సాయిన్ తోలు తొడుగులు విప్పుకుంటూ వంగి చూశాడు. "అక్కడ సమాధులున్నాయి. మందు మీట మూసేశాను."

"చచ్చినవాళ్ళ మీద మందు పడితే ఏమవుతారయ్యా? ఇంకోసారి చస్తారా?"

డ్రమ్ములు దొర్లిస్తున్న మనుషులు పకపకా నవ్వారు. ఎర్సాయిన్ నవ్వబోయి ఊరుకున్నాడు. తొర్గాయ్ మైదానంలో మిడతల మందు కొట్టే కంపెనీ పనులన్నిటికీ కైరొల్లాయే పెద్ద. లావుపాటి మనిషి. మాట కరుకే గాని మనసు చెడ్డది కాదు. వంటవాడికి జ్వరమొస్తే తనే పొయ్యి ముందు కూర్చునే రకం.

"సమాధుల పక్కన గడ్డుంది, గడ్డిలో మిడత పిల్లలున్నాయి," అన్నాడు కైరొల్లా నవ్వు తగ్గాక. "నాలుగు రోజులు పోతే వాటికి రెక్కలొస్తాయి. ఆ సందులోంచే లేచి గోధుమ మీద పడతాయి. అప్పుడు పైవాళ్ళు నిన్నడగరు, ఈ తెల్లమచ్చ చూపించి నన్నడుగుతారు. నీ కళ్ళు నాకొద్దు, ఎర్సెకే. డబ్బా గీసిన గీత మీద పో. అది ఆపమన్నచోట ఆపు. అంతే."

"అలాగే," అన్నాడు ఎర్సాయిన్.

నిరుటిదాకా మైదానం అంచుల్లో జెండాలు పట్టుకుని మనుషులు నిలబడేవాళ్ళు. వాళ్ళని చూసుకుంటూ తోలేవాడు. పక్కసీట్లో రెండో పైలట్ ఉండేవాడు. ఇప్పుడు ఆ సీట్లో లాప్‌టాప్ ఉంది. సాగే పట్టీలతో దాన్ని మనిషిని కట్టినట్టు కట్టారు. దాన్నుంచి ఒక తీగ వెళ్ళి, ఎదుటి అద్దం కింద టేపుతో అంటించిన అరచేతి జీపీఎస్‌కి తగులుకుంటుంది. అందరూ దాన్ని డబ్బా అనే పిలుస్తారు. డబ్బా ఎక్కడున్నావో చెబుతుంది, లాప్‌టాప్ ఎక్కడ తిరిగావో రాసుకుంటుంది.

రెండింటినీ అమర్చినవాడు సంజార్. ఆల్మటీ నుంచి వచ్చిన ఇంజనీరు. ఇంటి దగ్గర భార్య, కవలపిల్లలు. సాయంత్రం అందరూ టీ తాగుతుంటే అతను మాత్రం జిల్లా ఆఫీసు ఇచ్చిన కాగితం ముందేసుకుని మర్నాటి పొలం మూలలు అంకెల్లో కొడుతూ కూర్చుంటాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పడుకోరాదూ," అన్నాడు ఎర్సాయిన్ అటుగా పోతూ.

"ఈ రెండు మూలలు అయిపోతే లేస్తాను, ఆగా," అన్నాడు సంజార్, అన్నని పిలిచినట్టు. "రేపటిది పెద్ద ముక్క."

*

తెల్లవారుతుండగా అన్నుష్క లేచింది. ఆ పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానాన్ని ఈ దేశంలో అందరూ ఆడపిల్ల పేరుతోనే పిలుస్తారు. మందు తొట్టె నిండుగా ఉంది. తోక బరువుగా ఈడ్చుకుంటూ చాలా దూరం పరిగెత్తి, చివరికి విసుక్కున్నట్టు నేల విడిచింది. తొట్టె మూత ఎంత బిగించినా లోపల మందు వాసన ఉంటూనే ఉంటుంది. నూనెలో మగ్గిన వెల్లుల్లిలాంటి వాసన. రోజంతా పీల్చినవాడికి రొట్టె కూడా అదే రుచి.

పొలం మూలకి చేరగానే డబ్బాలో బాణం నడిమికి వచ్చింది. ఎర్సాయిన్ ముక్కు దించి, గుర్రమెక్కినవాడి తలకి రెండు మూడింతల ఎత్తులో నిలబెట్టి మీట నొక్కాడు. వెనక మందు పొగమంచులా విచ్చుకుంది. చివర దాకా వెళ్ళి మీట మూసి, పైకి లాగి, ఒంటిరెక్క మీద తిరిగి, పక్క గీతలోకి దిగాడు. మళ్ళీ మీట. గాలి లేదు. కింద ఒకటే గడ్డి, బూడిదరంగు మాచిపత్రి. నేల మీద పట్టుకోడానికి చూపుకి ఒక్క గుర్తు లేదు. బాణం ఎడమకి జరిగితే పెడలు ఎడమకి, కుడికి జరిగితే కుడికి. మనిషి చేసే పని అంతే.

కొన్ని గీతలయ్యాక సూర్యుడు సరిగ్గా ఎదుటికొచ్చి అద్దం మీద కూర్చున్నాడు. అద్దానికి అతుక్కున్న చచ్చిన పురుగులు నల్లగా, మిగతాదంతా బంగారం. ఎర్సాయిన్ టోపీ కిందికి లాక్కుని డబ్బా మీదే చూపు నిలిపాడు. ముందు నేల కొంచెం ఉబ్బింది. చిన్న మెరక. విమానాన్ని దానితోపాటు లేపి, అవతలికి దించాడు.

మెరక అవతల మనుషులున్నారు.

ముందు బావి కనబడింది, దాని పక్కన పొడుగాటి నీళ్ళ తొట్టె, తొట్టె చుట్టూ గొర్రెలు. తరవాత మట్టి ఇల్లు, ఇంటి ముందు పరిచిన కంబళి, కంబళి మీద ఏదో ఎత్తుగా, కప్పేసి ఉంది. ఉన్ని ఆరబెట్టారు కాబోలు. కంబళి పక్కనుంచి తెల్ల తలగుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి రెండు చేతులూ పైకెత్తి, ఊపుతూ, విమానానికి ఎదురు పరిగెత్తుకొస్తోంది.

అతని బొటనవేలు మీట మీదే ఉంది. బాణం నడిమిలోనే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పక్కసీట్లో పచ్చగీత ముందుకి పాకుతోంది. ఇది పొలం లోపలే, అంటోంది డబ్బా. పన్నూడిన సందు, అన్నాడు చెవిలో కైరొల్లా. తల్లీ, లోపలికి పో, అనుకున్నాడు ఎర్సాయిన్. మూసేద్దాం అనుకున్నాడు. అనుకుంటుండగానే ఇల్లు రెక్క కిందకొచ్చింది, వెనకబడిపోయింది. గడ్డి మళ్ళీ మొదలైంది.

తిరిగి పక్క గీతలోకి వచ్చేటప్పుడు మెరక దగ్గర మీట మూశాడు. కాని ఈ గీత ఇంటికి దూరంగా పోతోంది. ఇక్కడ మూయడానికి కారణమే లేదు. కొంచెం సేపటికి మళ్ళీ తెరిచాడు.

*

మధ్యాహ్నం మోటారుసైకిలు చప్పుడైంది. సైడ్‌కార్ ఉన్న పాత బండి. తోలుతున్న ముసలాయన దిగి, సైడ్‌కార్‌లోంచి ఒక గొర్రెపిల్లని తీసి, కైరొల్లా కూర్చున్న గుడారం ముందు పడుకోబెట్టాడు. దాని మూతి చుట్టూ నురగ ఎండిపోయి ఉంది.

"ఇలాంటివి ఇంటి దగ్గర ఇంకా ఉన్నాయి. కుక్క కూడా పోయింది," అన్నాడు ముసలాయన. "వాటి మాట తరవాత. నాకు బండి కావాలి."

"ఎవరు మీరు, అక్సకాల్?" అన్నాడు కైరొల్లా, ముసలివాళ్ళని మర్యాదగా పిలిచే మాటతో.

"తోలెప్‌బెర్గెన్‌ని. మెరక అవతల బావి దగ్గర ఉంటాం. మా కోడలికి ఆరో నెల. రక్తం పోతోంది, రోజులైంది. సైడ్‌కార్‌లో తీసుకెళ్తే కుదుపుకి దారిలోనే పోతుందంది మంత్రసాని. పొద్దున్న మీ మందు పడ్డాక వాంతులు పట్టుకున్నాయి. కొడుకేమో గుర్రాల మందతో ఉత్తరాన ఉన్నాడు. బండి ఇవ్వండి నాయనా. మిగతా మాటలు నేను బతికుంటే మాట్లాడుకుందాం."

కైరొల్లా ఒక్క క్షణం గొర్రెపిల్లని చూశాడు. లేచి అరిచాడు, "లారీ ఖాళీ చెయ్యండిరా! డ్రమ్ములు దించండి!"

అందరితోపాటు ఎర్సాయిన్ కూడా లారీ ఎక్కి డ్రమ్ములు దొర్లించాడు. దించేశాక లారీ తొట్టి పలకల మీద మందు మరకలు నూనెలా మెరుస్తున్నాయి. నీళ్ళు కొట్టి కడిగారు, సోడా చల్లారు, మీద గడ్డి పరిచారు. వాసన మాత్రం పోలేదు. వంటవాడు తన పరుపు తెచ్చి గడ్డి మీద వేశాడు.

తోలెప్‌బెర్గెన్ డ్రైవరు పక్కన ఎక్కబోతూ ఆగాడు. "ఆ విమానం తోలిందెవరు?"

చేతులు తుడుచుకుంటున్న ఎర్సాయిన్ గుడ్డ కింద పెట్టాడు. "నేనే, అక్సకాల్."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాడు ఎర్సాయిన్. తిట్టలేదు. ఏదో అడగబోయి, అడగడానికి ఇది సమయం కాదన్నట్టు తల తిప్పేసుకుని ఎక్కి కూర్చున్నాడు. లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది.

సంజార్ అప్పటికే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. పైకి చూడకుండానే అన్నాడు, "నువ్వు గీత మీదే ఉన్నావు, ఆగా. ఎక్కడా తప్పలేదు. వాళ్ళ ఇల్లే పొలంలో ఉంది."

"పొలంలో ఇల్లెలా ఉంటుంది?"

"అదే నాకూ తెలియట్లేదు," అన్నాడు సంజార్.

*

కోడలి పేరు జాజిరా. జిల్లా ఆసుపత్రిలో మంచం మీదికి మార్చాక కాసేపే బతికిందని లారీ డ్రైవరు వచ్చి చెప్పాడు. బిడ్డ అంతకుముందే పోయింది.

మర్నాడే విచారణకి ముగ్గురు పెద్దమనుషులు జీపులో వచ్చారు. వంటవాడు గొర్రెమాంసం ఉడకబెట్టాడు. వాళ్ళు తిండికి వచ్చినవాళ్ళు కారు, పనికి వచ్చినవాళ్ళు. ముందు పనే చూశారు. కాగితం మీద జిల్లా ఆఫీసు అంకెలు, డబ్బాలో అంకెలు పక్కపక్కన పెట్టుకుని, ఒకాయన ఇక్కడ చదువుతుంటే ఇంకొకాయన అక్కడ సరిచూశాడు. అన్నీ సరిపోయాయి. తరవాత పచ్చగీతలు చూశారు. అవీ పొలం హద్దుల్లో అచ్చుపోసినట్టు ఉన్నాయి. తరవాత పటం పరిచారు. పటంలో మెరక ఉంది, బావి లేదు, ఇల్లు లేదు.

"పటంలో లేని మకాం," అన్నాడు వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "మందు కొట్టే చోట్లు ఖాళీ చెయ్యాలని ముందే చాటించాం. చాటింపు విని కూడా మంద తోలుకొచ్చి మధ్యలో కూర్చుంటే ఎవరేం చెయ్యగలరు? ఇక ఆ అమ్మాయిది కాన్పు జబ్బు. డాక్టరే అన్నాడు." అని ఎర్సాయిన్ వైపు తిరిగాడు. "మీరు కింద ఏమైనా చూశారా?"

గుడారం బయట ఎవరో రేకుడబ్బా తన్నారు. అది దొర్లుకుంటూ పోయిన చప్పుడు చివరిదాకా వినబడింది.

"ఏం చూస్తాడండీ, పొద్దెదురుగా ఉంటే!" అన్నాడు కైరొల్లా.

"మిమ్మల్ని కాదు. ఆయన్నడిగాను."

ఎర్సాయిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పొద్దెదురుగా ఉంది," అన్నాడు.

అది అబద్ధం కాదు. పెద్దాయన తల ఊపి రాసుకున్నాడు. సంజార్ మాత్రం ఎర్సాయిన్ మొహం వైపు ఒక్కసారి చూసి, తెర మూసేశాడు.

మాంసం చల్లారకముందే విచారణ అయిపోయింది. తోలెప్‌బెర్గెన్‌కి కంపెనీ దయతలచి కొన్ని గొర్రెలు ఇచ్చేటట్టు, తప్పు మాత్రం ఎవరిదీ కానట్టు తేల్చారు. ఎవరిదీ కాకపోతే అది ముసలాయనదే అయి ఊరుకుంటుందని అక్కడ అందరికీ తెలుసు.

*

పొద్దు వాలాక ఎర్సాయిన్ నీళ్ళ ట్యాంకు దగ్గర మోచేతుల దాకా సోడా రాసుకుని కడుక్కుంటున్నాడు. సంజార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చెప్పు," అన్నాడు ఎర్సాయిన్.

"అంకెలు సరిపోయాయి కదా, ఆగా. పక్కపక్కన పెట్టి చదివారు కదా. యాభై అంటే యాభై."

"అవును."

"కాగితంలో అక్షాంశం చివర యాభై అంటే సెకన్లు. డబ్బా అడిగేది సెకన్లు కాదు, నిమిషంలో నూరోవంతులు. యాభై సెకన్లంటే దగ్గరదగ్గర నిమిషం. యాభై నూరోవంతులంటే అర నిమిషమే. అంకె ఒకటే, అర్థం వేరు. నేను చూసుకోకుండా ఉన్నదున్నట్టు కొట్టేశాను. పొలం మొత్తం అర కిలోమీటరు పైగా దక్షిణానికి జారిపోయింది. రేపటిది చూస్తుంటే ఇవాళ తట్టింది." అతను ట్యాంకు మీద గోటితో ఒక గీత గీశాడు. "ఒక్క పొలం కాదు. మొదట్నుంచీ అన్నీ జారాయి. గడ్డి పక్కన గడ్డే కదా, ఎవరికీ తెలియలేదు."

ఎర్సాయిన్ చేతులు విదిలించాడు. తుడుచుకోలేదు. నీళ్ళు వేళ్ళ చివర్నుంచి కారుతూనే ఉన్నాయి.

"సరిదిద్దితే హద్దు అసలు చోటికి పోతుంది. నీ గీత బయటపడుతుంది. అర కిలోమీటరు దారి తప్పి మనుషుల మీద మందు కొట్టిన పైలట్‌వి అవుతావు. ముందు కొట్టింది తప్పు అంకెలని నేను ఎంత మొత్తుకున్నా, నిన్ను కాపాడ్డానికి చెబుతున్నాననుకుంటారు. సరిదిద్దకపోతే ముసలాయన తప్పు. ఏం చెయ్యమంటావు?"

"రేపటి పొలానికి సరిచెయ్యి. ముందు అది."

"చేశాను. నిన్నటిదాని సంగతి?"

ఎర్సాయిన్ ట్యాంకుకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "నీది అంకె తప్పు. నాకు కళ్ళున్నాయి, సంజార్. ఆవిడ్ని చూశాను. ఇల్లు చూశాను, బావి చూశాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఆపమని పరిగెత్తుకొచ్చింది. వేలు మీట మీదే ఉంది. మూయలేదు."

సంజార్ కూడా కింద కూర్చున్నాడు. దూరంగా రెక్కలు రాని మిడత పిల్లలు గడ్డి మీద వానచినుకుల్లా చిటపటలాడుతున్నాయి. మందు పడిన చోటేదో, పడని చోటేదో చూపుకి తెలియడం లేదు.

*

మర్నాడు గాలి ఎక్కువై విమానం లేవలేదు. ఎర్సాయిన్ గడ్డం గీసుకున్నాడు. సంజార్‌ని జీపు తోలమని, దుఃఖం పంచుకోడానికి తోలెప్‌బెర్గెన్ ఇంటికి బయలుదేరాడు.

చావింటికి వెళ్ళే మగవాడు దూరం నుంచే 'ఓయ్, బావురమ్! నా తోబుట్టువా!' అని గొంతెత్తి ఏడుస్తూ వెళ్ళాలి. మెరక దిగాక జీపు ఆపించి నడక మొదలుపెట్టాడు ఎర్సాయిన్. నోరు తెరిచాడు. ఈ గొంతుతో ఈ ఇంటి ముందు ఏడ్చే హక్కు ఎవరిచ్చారనిపించింది. తల వంచుకుని, చప్పుడు చేయకుండా దొంగలా నడిచాడు. మొరగడానికి కుక్క కూడా లేదు.

నీళ్ళ తొట్టె బోర్లించి ఉంది. మగవాళ్ళు గొయ్యి దగ్గర చచ్చిన గొర్రెలు పూడుస్తున్నారట. లోపల ముసలావిడ ఒక్కతే ఉంది. పేరు కుల్జిపా. అదే తెల్ల తలగుడ్డ. అతన్ని చూసి, పరామర్శకి వచ్చిన ఎవరినైనా కూర్చోబెట్టినట్టే ఎగువన, అతిథుల చోట కూర్చోబెట్టి, గుడ్డ పరిచి, టీ పోసింది. పాలు కలపబోయి ఆగింది. "పాలు తాగొద్దన్నారు నాయనా. ఆవులూ ఆ గడ్డే తిన్నాయి కదా. నల్లటీయే తాగు."

"ఆపా," అన్నాడు, తల్లిని పిలిచినట్టు. "నేనెవరో మీకు తెలియదు."

"తెలుసు. మా ఆయన చెప్పాడు. తోలినవాడు పొడుగ్గా ఉంటాడు, కనుబొమ మీద మచ్చ ఉందని."

అతను గిన్నె కింద పెట్టాడు. మోకాళ్ళ మీదికి లేచాడు. "నేను మిమ్మల్ని చూశాను, ఆపా. విచారణలో చెప్పలేదు. పొద్దెదురుగా ఉందన్నాను. కాని చూశాను. ఆపమని మీరు చేతులెత్తి పరిగెత్తుకు రావడం కళ్ళారా చూశాను. చూసి కూడా మీట మూయలేదు. మీరేమన్నా పడతాను. కొట్టినా పడతాను."

కుల్జిపా అతన్ని అర్థం కానట్టు చూసింది.

"ఆపమనా?" అంది. "నేనెందుకు ఆపమంటాను?"

"మందు..."

"మందని నాకేం తెలుసు నాయనా! ఆసుపత్రి విమానం అనుకున్నాను."

అతను మోకాళ్ళ మీంచి మళ్ళీ కిందికి కూర్చున్నాడు.

"ఊళ్ళో నర్సమ్మకి కబురు పెట్టాం. పైకి చెప్తానంది. ఇదివరకు మా మరిదికి పేగు మెలిపడితే వచ్చింది కదా, బావి పక్కనే దిగింది, తీసుకుపోయి బతికించింది. రోజూ చెవులు రిక్కించుకునే ఉన్నాం. ఆ పొద్దున చప్పుడు వినబడగానే, వచ్చిందే జాజిరా, వచ్చిందే అని అరిచాను. విమానం ఎక్కువసేపు ఆగదు కదా, ఎక్కించడానికి ఆలస్యం కాకూడదని మేమిద్దరం దాన్ని కంబళి మీద బయటికి తెచ్చి పడుకోబెట్టాం. మెరక మీంచి కనబడ్డావు. మా ఇంటికే తిన్నగా వస్తున్నావు. ఎంత సంతోషం వేసిందో! చూసుకోకుండా పోతాడేమోనని చేతులూపుకుంటూ వచ్చాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "అదీ చెయ్యెత్తింది కంబళిలోంచి. చూశావా?"

"లేదు," అన్నాడు ఎర్సాయిన్. ఉన్ని అనుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

"చల్లగా మొహం మీద పడింది. ఇదేమిటత్తా, వానా, అంది."

ఆవిడ అతని టీ చల్లారిందని పారబోసి వేడిది పోసింది. అతను ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి విమానం తోలినవాళ్ళలో తనూ ఒకడు. ఇలాంటి బావులెన్నిటి పక్కనో దిగాడు. ఆవిడ మరిదిని మోసింది తనేనేమో కూడా. అడగలేదు.

"అది ఇక రాదు, ఆపా," అన్నాడు చివరికి. "ఆసుపత్రి విమానం. రెండు శీతాకాలాల కిందటే ఆపేశారు. విమానాలు అమ్మేశారు."

కుల్జిపా చెయ్యి టీ పాత్ర మీదే ఆగిపోయింది.

"మాకెవరూ చెప్పలేదే," అంది. కోపం లేదు ఆ గొంతులో. "తెలిస్తే మొదటి రోజే ఎడ్లబండి కట్టేవాళ్ళం. మెల్లగా, అడుగులో అడుగేసుకుంటూ. ఈపాటికి..." ఆపేసింది. కాసేపటికి మళ్ళీ అంది, "అవతల మకాముల్లోనూ ఎవరికీ తెలియదు. అందరం దానికోసమే చూస్తుంటాం. వాళ్ళకైనా చెప్పు నాయనా."

*

"ఆవిడతో చెప్పావా! ఎందుకు చెప్పావు?" అన్నాడు కైరొల్లా. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"విచారణవాళ్ళకీ చెబుతాను. సంజార్ అంకెల సంగతి అతను చెబుతాడు. నేను చూసింది నేను చెబుతాను."

"వాళ్ళు వెళ్ళిపోయారు. ఫోనులో చెప్పు, కలిపిస్తాను."

కలిపించాడు కూడా. గుడారంలో శాటిలైట్ ఫోనులో, మాట మాటకీ మధ్య గాలి హోరులో, ఎర్సాయిన్ మొత్తం చెప్పాడు. తరవాత సంజార్ చెప్పాడు. అవతల పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. అంకెలు తాము స్వయంగా సరిచూశామన్నాడు. కుర్రాడికి నిద్రలేమి, కొన్నాళ్ళు ఇంటికి పంపించమన్నాడు. పైలట్ మనసు కలత చెందడం సహజమేనన్నాడు. అసలు ముసలాయనే కాగితం మీద వేలిముద్ర వేసి, గొర్రెలు తోలుకుపోయాక ఇంకా తవ్వడం దేనికన్నాడు.

కైరొల్లా ఫోను పెట్టేసి, లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు. "ఇందులో నువ్వు తిరిగిన దారుంది, ఎర్సెకే. ఎత్తుంది, వేగముంది. నువ్వు చూసింది మాత్రం లేదు. ఇందులో లేనిది జరగనట్టే." అతని మొహం కూడా వడలిపోయి ఉంది. "రేపు గాలి తగ్గుతుంది. రెక్కలొచ్చేస్తున్నాయి వాటికి. తోలతావా, ఇంకొకణ్ణి పిలిపించనా?"

ఎర్సాయిన్ బయటికొచ్చాడు. తను తోలకపోతే ఇంకొకడు తోలతాడు. వాడికి బావులెక్కడున్నాయో అసలే తెలియదు. జీపులో కూర్చున్న సంజార్ అతన్ని చూసి ఇంజన్ పెట్టాడు. ఎక్కడికని అడగలేదు.

మొదటి మకాం మైదానంలో చాలా లోపలికి ఉంది. ఒక ముసలాయన గుమ్మంలో కూర్చుని కళ్ళెం కుట్టుకుంటున్నాడు. లోపల్నుంచి ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. లోతైన, తడి దగ్గు.

"మా ఆవిడ," అన్నాడు ముసలాయన పలకరింపులయ్యాక. "చలికాలం నుంచీ అంతే. రండి, టీ తాగండి."

"అక్సకాల్, ఒక మాట చెప్పి పోదామని వచ్చాం," అన్నాడు ఎర్సాయిన్. "ఆసుపత్రి విమానం ఇక రాదు. ఎప్పుడో ఆపేశారు. దానికోసం చూడొద్దు. ఆవిణ్ణి బండి కట్టి జిల్లాకి తీసుకెళ్ళండి."

ముసలాయన సూది ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తరవాత నవ్వాడు. ముందు పళ్ళు లేవు.

"రాదా! ఎవరన్నారు? మొన్న పొద్దున్నే కదా మా నెత్తి మీంచి పోయింది. ఈ కళ్ళతో చూశాను. తోలెప్‌బెర్గెన్ కోడలికోసం వచ్చిందట. పాపం, అప్పటికే ఆలస్యమైపోయిందట గాని, రావడమైతే వచ్చింది." సూది మళ్ళీ తోలులోకి దించాడు. "మేమూ కబురు పెట్టాం. ఇవాళో రేపో మాకూ వస్తుంది. కూర్చోండి, కూర్చోండి, ఎండన పడి వచ్చారు."

లోపల దగ్గు ఆగింది. మళ్ళీ మొదలైంది. సంజార్ నేల చూపులు చూస్తున్నాడు. ఎర్సాయిన్ నోరు తెరిచాడు. ఆ విమానం నాదే అనడానికి ఒక్క మాట చాలు. గుమ్మం పక్కన గోడకి ఆనించి చుట్టచుట్టిన కంబళి ఉంది. దాని మీద మడతపెట్టిన దుప్పటి, చిన్న మూట, ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి.

"నేను చెప్పేది వినండి, అక్సకాల్," అన్నాడు.

"వింటాను, వింటాను," అన్నాడు ముసలాయన దారం పంటితో తెంపబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి, కత్తికోసం తడుముకుంటూ. "ముందు టీ తాగు."